ఇసుక మీద అయిదు రోజుల నడక

ప్రశ్న: బ్రిస్బేన్‌లో ఉంటున్న మా అబ్బాయితో కలసి జులైలో ఆస్ట్రేలియాలోని ‘కూలూలా గ్రేట్ వాక్’ అనే కాలిబాట నడవాలనుకుంటున్నాను. అలిపిరి మెట్లదారిన కొండెక్కే అలవాటు సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: దమ్ముకు సరిపోతుంది, భుజాలకు మాత్రం చాలదు. అలిపిరిలో సామాను దేవస్థానం వారే పైకి చేరుస్తారు. నూసా నార్త్ షోర్ నుంచి రెయిన్‌బో బీచ్ దాకా సాగే ఈ 102 కిలోమీటర్ల దారిలో గుడారం, తిండి, నీళ్లు అన్నీ మీరే మోయాలి. పైగా ఇసుకదిబ్బ ఎక్కేటప్పుడు మడమ దిగబడి, వేసిన అడుగులో కొంత వెనక్కే జారుతుంది కనుక, స్వర్ణముఖి ఇసుకలో బరువు సంచితో ముందుగా సాధన చేయండి. నీడలేని ఇసుక మేటలను ఉదయాన్నే దాటేయండి. తర్వాత వచ్చే వర్షారణ్యం కూడా ఇసుకలో పెరిగినదే. రాలిన ఆకులు కుళ్లి ఇచ్చే సారమే ఆ మహావృక్షాలకు ఆధారం.

జులై అక్కడ చలికాలం, నడకకు అనువైనదే. రాత్రికి స్వెటర్ తప్పదు. విడిది అనుమతులు ముందే తీసుకోండి. విడిదిలోని తొట్టి నీళ్లను కాచి తాగండి. మంటలు నిషిద్ధం, విమానంలో గ్యాస్ డబ్బా తీసుకెళ్లనివ్వరు కాబట్టి స్టవ్‌కు కావలసినది అక్కడే కొనాలి. వెంట తెచ్చిన కందిపొడి, ఊరగాయల సంగతి ఆస్ట్రేలియాలో దిగిన విమానాశ్రయంలో అధికారులకు తప్పక చెప్పండి (డిక్లేర్ చేయండి).