నన్నడిగితే అసలు పరీక్ష పబ్బుల్లో లేదు, రెజ్యూమేలో ఉంది

"ఈ కాలం యువతకి నైతికంగా పెద్ద సవాలు ఏంటి, విలువలు ఎందుకు పడిపోతున్నాయి" అని కదా ప్రశ్న. ఎవర్ని అడిగినా ఫోన్లు, రీల్స్, పబ్బులు, ప్రేమలు అంటారు. నేను ఒప్పుకోను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చిన ఇరవై రెండేళ్ల పిల్లాడికి అసలు పరీక్ష అమీర్‌పేటలో ఎదురవుతుంది, మైత్రీవనం చుట్టుపక్కల ఏదో ఇరుకు గదిలో ఒకాయన "ఎక్స్‌పీరియన్స్ ఎన్నేళ్లు పెట్టమంటావ్ తమ్ముడూ" అని అడిగినప్పుడు.

తెలియనివాళ్లకి ఒక్క ముక్క. డబ్బులు కడితే అక్కడ కొన్ని కన్సల్టెన్సీల వాళ్లు, మీరు ఎప్పుడూ పనిచెయ్యని కంపెనీలో మూడేళ్లు పనిచేసినట్టు ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్ అన్నీ ఇస్తారు. పీఎఫ్ కట్టినట్టు కూడా కావాలంటే రేటు పెరుగుతుంది.

మా ఎస్ఆర్ నగర్ హాస్టల్లో నా రూమ్మేట్ ఒకడుండేవాడు, వినుకొండ దగ్గర పల్లెటూరు. నిజంగా మంచోడు, కిరాణా కొట్టోడు చిల్లర ఎక్కువిస్తే వెనక్కెళ్లి ఇచ్చొచ్చే రకం. బీటెక్ అయ్యి ఏడాదిన్నర దాటింది, ఎక్కడికెళ్లినా ఎక్స్‌పీరియన్స్ ఉందా అనే అడుగుతున్నారు. (పైన ఫ్రెషర్ పోస్ట్ అని రాసి కింద రెండేళ్ల అనుభవం తప్పనిసరి అని రాసే హెచ్ఆర్ వాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ మండుతుంది.) చివరికి వాళ్ల బాబాయే డబ్బులు కట్టాడు. ఆయన గవర్నమెంట్ టీచర్. "అందరూ పెట్టుకుంటున్నార్రా, నువ్వొక్కడివే హరిశ్చంద్రుడివా" అన్నాడు ఫోన్లో, స్పీకర్ ఆన్‌లో ఉంది, నేను పక్క మంచం మీదే ఉన్నా.

కన్సల్టెన్సీ వాళ్లు వాడికి కొన్ని కాగితాలిచ్చారు, మేనేజర్ పేరు, ప్రాజెక్ట్ పేరు, క్లయింట్ ఏ దేశం, టీమ్‌లో ఎంతమంది, ఆఫీస్ ఎక్కడ. అవన్నీ బట్టీ పట్టాలి. ఒక ఆదివారం పొద్దున్నే "ఆ ఆఫీస్ చూసొద్దాం రారా, చూడకుండా చెప్తే తడబడతాను" అన్నాడు, నా బండి మీద మాదాపూర్ వెళ్లాం. కాగితంలో ఉన్న అడ్రస్ పట్టుకుని వెతికితే సందులో ఒక బిల్డింగ్, కింద పళ్ల డాక్టరు, వాళ్ల కంపెనీ ఉండాల్సిన మూడో అంతస్తుకి టులెట్ బోర్డు. వాచ్‌మన్ ఎవరు కావాలని అడిగితే వీడు ఎవరూ వద్దన్నాడు. ఎదురుగా టిఫిన్ బండి ఉంది, ఇడ్లీ తింటూ బండాయన్ని అడిగాడు, "అన్నా ఇక్కడ ఎన్నాళ్ల నుంచి పెట్టారు" అని. ఆర్నెల్లవుతుంది అన్నాడాయన. వీడు జేబులోంచి కాగితం తీసి ఒక లైను కొట్టేశాడు. రోజూ ఇక్కడే టిఫిన్ చేసేవాణ్ణని చెప్దామనుకున్నాడంట ఇంటర్వ్యూలో. తర్వాత ఆ సందు చివర పాత కొట్టు ఏదైనా ఉందేమో అని వెతుక్కుంటూ వెళ్లాడు. నేను బండి దగ్గరే నిలబడ్డా. చిల్లర వెనక్కిచ్చే మనిషి, తను ఎప్పుడూ బతకని మూడేళ్లకి టీ కొట్టు వెతుక్కుంటున్నాడు, నాకు ఆ రోజు కోపం వచ్చింది వాడి మీద కాదు.

ఉద్యోగం వచ్చింది. వాడు పట్టుబడలేదు కూడా. కానీ 2022 నవంబర్‌లో యాక్సెంచర్ ఇండియా ఫేక్ డాక్యుమెంట్లు పెట్టినవాళ్లని తీసేశామని ప్రకటించినప్పుడు, వాడు ఆ కంపెనీ కాకపోయినా నాకు రాత్రి ఒంటిగంటకి ఫోన్ చేశాడు. ఎందుకంటే ఆ అబద్ధం మొదటి ఇంటర్వ్యూతో అయిపోదు, రెండో కంపెనీకి మారినా రెజ్యూమేలో అదే ఉంటుంది, పెళ్లి బయోడేటాలో అదే ఉంటుంది, యూఏఎన్‌లో, అంటే పీఎఫ్ ఖాతా నంబర్‌లో, సర్వీస్ హిస్టరీ చూస్తామని ఎవరైనా అంటే మళ్లీ నిద్ర పట్టదు. కష్టపడి పని నేర్చుకున్నాడు, ఇప్పుడు నిజంగా బాగా చేస్తాడు, అయినా టీమ్‌లో ఎవరైనా పాత కంపెనీ కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్లిపోతాడు.

విలువలు లేవు అని పిల్లల్ని తిట్టేవాళ్లు ఒకటి చెప్పండి, వాడికి ఇది నేర్పింది ఎవరు? ఫైనలియర్ ప్రాజెక్ట్ డాక్యుమెంటేషన్‌తో సహా కొనుక్కొచ్చుకోమని సీనియర్ల ద్వారా చెప్పించేది కొన్ని కాలేజీలే, వైవా తీసుకునే సార్‌కీ తెలుసు అది కొన్నదని. ఇంకోపక్క ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని అదే కాలేజీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపేసి కూర్చుంటుంది. నాలుగేళ్లు అలా పెంచి బయటికి వదిలి నిజాయితీగా ఉండు అంటే ఎలా? అమెరికాలో 2019 జనవరిలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కేసు గుర్తుందా, అక్కడి ప్రభుత్వమే వల పన్నడానికి పెట్టిన దొంగ యూనివర్సిటీ, క్లాసులు లేవు, మొదట అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది మన దేశం వాళ్లే, అందులో చాలామంది మన తెలుగు పిల్లలు. కమిషన్ తీసుకుని చేర్పించిన ఏజెంట్లూ మనోళ్లే. వాళ్లని అక్కడిదాకా పంపిన అప్పులు పెద్దవాళ్లు చేసినవి.

అలాగని ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టుకోండి, తప్పులేదు అని నేను అనను, ఇక్కడే చాలామందితో నాకు గొడవ. "ఎవరికి నష్టం" అంటారు. పక్క హాస్టల్లో ఉంటూ, రెజ్యూమేలో అబద్ధం రాయకుండా ఉద్యోగం కోసం తిరుగుతున్న అమ్మాయికి నష్టం. మూడేళ్లు అని చెప్పుకున్న ఫ్రెషర్ ఆ సీట్లో కూర్చుంటాడు, ఆరు నెలలకి వాడికి పని రాదని మేనేజర్‌కి అర్థమవుతుంది, ఈసారి ఐదేళ్లు ఉన్నవాళ్లనే తీసుకోండి అంటాడు. ఫ్రెషర్ పోస్టులు తగ్గడానికి ఇదీ ఒక కారణమే అని నాకనిపిస్తుంది.

ఇప్పుడు నేనూ ఇంటర్వ్యూలు తీసుకుంటున్నా. కోవిడ్ తర్వాత వీడియోలోనే కాబట్టి ప్రాక్సీలు ఎక్కువ, పెదాలు ఒకరివి గొంతు ఇంకొకరిది, ఒకసారి జావా ప్రశ్న అడిగితే జవాబు వచ్చేసింది, అబ్బాయి నోరు ఆ తర్వాత కదిలింది. అలాంటివాటి మధ్య ఒకమ్మాయి వచ్చింది, బీటెక్ తర్వాత రెండేళ్లు గ్యాప్. ఏం చేశావమ్మా అంటే "నాన్నగారికి బాలేదండి, మా కిరాణా కొట్టు నేనే చూసుకున్నాను" అంది. జీఎస్టీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడెక్కడ తప్పులు వచ్చేవో, రిటర్న్ సరుకు ఎంటర్ చేస్తే స్టాక్ ఎలా తేడా కొట్టేదో గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మాకు కావాల్సింది టెస్టింగ్‌కి, అంటే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడానికి, మనిషే. తీసుకున్నాం.

మీ పరిస్థితీ అదే అయితే గ్యాప్‌ని గ్యాప్ అనే రాయండి, ఆ టైంలో చేసిన పని ఏదైనా సరే వివరంగా రాయండి, చిన్న కంపెనీలో సపోర్ట్ ఉద్యోగమైనా పర్లేదు చేరిపోండి. ఎక్కువ టైం పడుతుంది, అది నిజం, జీతం కూడా తక్కువే. ఆ అమ్మాయికి మావాళ్లు ఇచ్చింది ఏడాదికి మూడున్నర లక్షలు, నేను చేరినప్పుడూ ఫ్రెషర్లకి దాదాపు ఇంతే, హాస్టల్ ఫీజులు మాత్రం డబుల్ అయ్యాయి. వచ్చే అప్రైజల్‌లో అది పెంచాలని మా మేనేజర్‌ని అడుగుతూనే ఉన్నా.