ముంచుడు బాప్తిస్మం తీసుకోకపోతే రక్షణ లేదా?

మీరు అడిగింది ఇదీ. పసితనంలోనే లూథరన్ గుడిలో చిలకరింపు బాప్తిస్మం ఇచ్చారు, పెద్దయ్యాక కన్ఫర్మేషన్ (సంఘం ఎదుట విశ్వాసాన్ని సొంతంగా ఒప్పుకోవడం) కూడా అయింది. ఇప్పుడు సంబంధం కుదిరిన అమ్మాయి వాళ్లది బాప్టిస్టు సంఘం. వాళ్ల పెద్దలు "నీళ్లలో మునగకపోతే రక్షణ లేదు బాబూ" అంటున్నారు. దేవుడు ఉచితంగా చూపే కృపచేతనే రక్షణ (పాపక్షమాపణ, పరలోకం) అయితే మధ్యలో ఈ నీళ్ల గొడవేంటి అని. నేను గుంటూరు వైపు లూథరన్ ఇంట్లో పుట్టి, ఒంగోలు వైపు బాప్టిస్టు ఇంటికి కోడలిగా వచ్చాను. ఈ మాట రెండు వైపుల నుంచీ విన్నదాన్నే.

ముందు సూటిగా చెప్తాను. "మునగకపోతే రక్షణ లేదు" అనేది బాప్టిస్టుల సిద్ధాంతమే కాదు. వాళ్ల బోధ ప్రకారం మనిషి నమ్మినప్పుడే రక్షణ పొందాడు. బాప్తిస్మం ఆ తర్వాత వచ్చే విధేయత, పదిమంది ఎదుట ఇచ్చే సాక్ష్యం. "కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు" అని ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయంలో ఉన్నదాన్ని వాళ్లూ కంఠతా చెప్తారు. పసిపిల్లలకు ఎందుకివ్వరంటే నమ్మడమన్నది ఆ వయసులో కుదరదని. అంతేగానీ నీళ్లు తగలని పిల్లాడు నరకానికి పోతాడని ఏ బాప్టిస్టూ అనడు.

తమాషా ఏంటంటే, నీళ్లకు ఎక్కువ విలువ కట్టేది మీరూ నేనూ పుట్టిన లూథరన్ సంఘమే. మూడుసార్లు తల మీద నాలుగు చుక్కలు చల్లుతారు, కానీ ఆ చుక్కల్లో దేవుడు నిజంగా పాపక్షమాపణ ఇస్తున్నాడని నమ్ముతారు. ఉత్త నీళ్లు కాదు, దేవుని వాక్యంతో కలిసిన నీళ్లు అని ఆ సంఘానికి మూలపురుషుడైన మార్టిన్ లూథరు 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరాల్లోనే ఉంది. కన్ఫర్మేషన్ క్లాసులో మీరూ అప్పజెప్పే ఉంటారు. ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) వాళ్లూ నీళ్లకు అంతే విలువ కడతారు. ప్రాణం పోయే పరిస్థితిలో ఫాదర్ లేకపోతే ఆస్పత్రిలో నర్సమ్మ ఇచ్చినా, సరైన ఉద్దేశంతో త్రియేక నామంలో, అంటే తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామంలో ఇస్తే, ఆ బాప్తిస్మం చెల్లుతుంది. ఇటు మనిషిని నిలువునా ముంచే బాప్టిస్టులేమో నీళ్లు గుర్తు మాత్రమే అంటారు. సిద్ధాంతం అలా ఉంటే, ఊళ్లో మాటలు మాత్రం దానికి తలకిందులుగా నడుస్తుంటాయి.

మా అత్తగారి వైపు వాళ్ల చరిత్రే దీనికి మంచి సాక్ష్యం. 1876–78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, కరువు జనానికి పని చూపించాడు. కూలీల మధ్యే బోధకులు కూర్చుని వాక్యం చెప్పేవాళ్లు. బాప్తిస్మం కావాలని జనం వేలల్లో అడిగారు. దొర ఇవ్వలేదు. గంజి కోసం వస్తున్నారో క్రీస్తు కోసం వస్తున్నారో తేలాలని, కరువు సాయం ముగిసేదాకా నెలల తరబడి ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఈ అంకె ఒంగోలు వైపు సండే స్కూల్ పిల్లలకు కూడా తెలుసు. అందరూ ఆ అంకె దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం అంతకుముందు ఆపిన నెలలే ముఖ్యం. కళ్లెదుట కరువుకూ కలరాకూ జనం పిట్టల్లా రాలిపోతున్నారు. నీళ్లలో మునిగితేనే పరలోకం అని ఆ దొర నిజంగా నమ్మి ఉంటే ఒక్కరోజైనా ఆపగలిగేవాడా? మీ కాబోయే మామగారితో మాట్లాడేటప్పుడు ఇది గుర్తు పెట్టుకోండి, పనికొస్తుంది.

వచనాల యుద్ధం జోలికి మాత్రం పోకండి. వాళ్లు "నమ్మి బాప్తిస్మము పొందినవాడు రక్షింపబడును" అనే మార్కు 16:16 తీస్తారు, మీరు బాప్తిస్మం లేకుండానే పరదైసు మాట పొందిన సిలువ మీది దొంగను తీస్తారు. వాళ్లు పాపక్షమాపణ కోసం బాప్తిస్మం పొందమన్న అపొస్తలుల కార్యములు 2:38 చూపిస్తారు. మీరు పదో అధ్యాయంలో కొర్నేలీ ఇంటివాళ్ల మీదికి బాప్తిస్మానికి ముందే పరిశుద్ధాత్మ దిగాడని చూపిస్తారు. ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఇంటిల్లిపాదితో బాప్తిస్మం పొందాడు కదా, ఆ ఇంట్లో పసిపిల్లలు లేరా అని మా నాన్న, ఉన్నారని ఎక్కడుందో చూపించండి అని మా మామగారు, ప్రతి క్రిస్మస్‌కీ ఇదే పాట. భోజనాలకి లేవమంటే తప్ప ఆగేది కాదు. ఒక్కటి మాత్రం గమనించండి. క్రీస్తు సంఘం వాళ్లు బాప్తిస్మంలోనే పాపక్షమాపణ అని సూటిగా బోధిస్తారు. "యేసు నామం"లో ఇచ్చిందే చెల్లుతుందనే పెంతెకొస్తు వాళ్లూ కొందరున్నారు. పేరుకి బాప్టిస్టు అయినా మీ అత్తవారి సంఘం ఏది బోధిస్తోందో పాస్టరుగారినే అడగాలి, మధ్యవర్తుల్ని కాదు.

నా సంగతి చెప్పాలంటే, పెళ్లయిన కొన్నేళ్లకు నేను ముంచుడు బాప్తిస్మం తీసుకున్నాను. రక్షణ లేదన్న భయంతో కాదు. అక్కడ సంఘ సభ్యత్వం లేదు, నెలకోసారి ప్రభువు బల్ల దగ్గర అందరూ రొట్టె తీసుకుంటుంటే నేను పళ్లెం పక్కవాళ్లకు అందించి కూర్చునేదాన్ని. శనివారం సాయంత్రం పెద్దలు అభ్యర్థుల్ని పరీక్ష చేస్తారు. "అమ్మా, ఎప్పుడు రక్షణ పొందావు?" అని ఒకాయన అడిగారు. తేదీ చెప్పాలన్నమాట. నా పక్కనున్న కుర్రాడు ఫలానా ఉజ్జీవ సభలో ఫలానా రాత్రి అని గడగడా చెప్పేశాడు. నాకు అలాంటి రాత్రి లేదు. మా అమ్మ మోకాళ్ల మీద ప్రార్థన చేస్తుంటే పక్కనే నిద్రపోతూ పెరిగినదాన్ని, నమ్మని రోజంటూ గుర్తుంటే కదా. "తేదీ తెలీదండీ" అన్నాను. గదిలో నిశ్శబ్దం. మా మామగారు అక్కడ డీకను, ఆయనే అందుకున్నారు: "తేదీ ఎందుకయ్యా, ఎవర్ని నమ్ముకుందో అడగండి." అదడిగారు, చెప్పాను, అయిపోయింది.

మా సంఘానికి పులిపీఠం (ప్రసంగ వేదిక) కింద పలకలు తీస్తే తొట్టి ఉంటుంది. అంతకుముందు కాలువలో ఇచ్చేవాళ్లు, ఎండాకాలం కాలువ కట్టేస్తే మళ్లీ నీళ్లు వదిలేదాకా అభ్యర్థులు ఆగాల్సిందే. తెల్లచీర తడిస్తే పైకి తేలకుండా కుచ్చిళ్ల దగ్గర పిన్నీసులు పెట్టింది మా అత్తగారు. మడిచిన చేతిరుమాలు ముక్కుకు అడ్డంపెట్టి పాస్టరుగారు వెనక్కి వంచారు, లేచేసరికి పాట అందుకున్నారు. బాగుందా అంటే బాగుంది. అబద్ధం చెప్పను. కానీ మా అమ్మ రాలేదు. ఫోన్లో ఒకటే అడిగింది: "మరి మేం నిన్ను ఎత్తుకుపోయి ఇప్పించినదేంటమ్మా?" లూథరన్ సంఘంలోగానీ సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం)లోగానీ రెండోసారి బాప్తిస్మాన్ని ఒప్పుకోరు, మొదటిది దేవుడే చేసిన పని గనుక మళ్లీ చేయడమంటే ఆయన మాట కాదన్నట్టని. పసిబిడ్డ ఏమీ తేలేదు, ఏమీ చేయలేదు, అయినా ఇచ్చాడు, కృప అంటే అదే కదా అని మా అమ్మ వాదన. దానికి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. రెండూ నావే అనుకుంటాను, అది ఏ వైపు పాస్టరుగారికీ నచ్చే జవాబు కాదు.

ఇంకో మాట. మా సంఘానికి ఏళ్ల తరబడి వచ్చిన ఒక పెద్దాయన బాప్తిస్మం తీసుకోలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడిగా మారితే ఎస్సీ హోదా పోతుంది, పిల్లల ఉద్యోగాల భయం. ఆయన పోయినప్పుడు సమాధుల దొడ్లో చోటివ్వాలా వద్దా అని పెద్దలు గంటసేపు తర్జనభర్జన పడ్డారు. చివరికి ఇచ్చారు. నీళ్లు లేకపోతే రక్షణ లేదని ఆదివారం గట్టిగా చెప్పే పెద్దే ఆ గుంట దగ్గర నిలబడి "మా సహోదరుడు ప్రభువు సన్నిధికి చేరాడు" అని ప్రార్థన చేశాడు. ఎవరి అసలు విశ్వాసం ఏంటో తెలియాలంటే ప్రసంగాలు కాదు, భూస్థాపన ప్రార్థనలు వినాలి అని అప్పుడనిపించింది.

కాబట్టి మీరు వెళ్లి పాస్టరుగారిని విడిగా కలిసి ఇలా అడగండి: "అయ్యగారూ, నేను రక్షణ పొందలేదంటున్నారా, లేక ఈ సంఘంలో సభ్యుణ్ణి కాలేనంటున్నారా?" రెండోదే అయితే అది సంఘ క్రమం, మీ ఆత్మకు సంబంధించిన తీర్పు కాదు. తీసుకోవాలో వద్దో నిదానంగా తేల్చుకోవచ్చు. సభ్యత్వం లేకపోయినా పెళ్లి చేసే పాస్టర్లు ఉన్నారు, చేయనివాళ్లూ ఉన్నారు. మొదటిదే అంటే మాత్రం, వాళ్ల సంఘం బోధతోనే ఆ మాట పొసగదని మర్యాదగా చెప్పండి. పెళ్లి కోసమని గబగబా మునిగి రాకండి, అలాంటివాళ్లను క్లౌ దొర కరువులోనే ఆపాడు. తీసుకోవాలని మనసు కుదిరితే ముందు మీ అమ్మానాన్నలతో మాట్లాడండి, వాళ్లకు బయటివాళ్ల నోట తెలియకూడదు. ఇదంతా గుడిలో పెళ్లి ప్రకటనలు చదవడం మొదలుకాక ముందే తేల్చుకోండి. ప్రకటనలు మొదలయ్యాక సంఘమంతా తలా ఒక మాట అంటుంది.