బుడిపెను కోసి చూశారా?

ప్రశ్న: పెసరకు కొన్న రైజోబియం పొడి (గాలిలోని నత్రజనిని పంటకు అందించే బ్యాక్టీరియా పొడి) మిగిలితే సోయా విత్తనానికి పట్టించాం. 35 రోజులైనా ఆకులు పాలిపోయే ఉన్నాయి. రెండు మొక్కలు పీకి చూస్తే, వేళ్లకు ఆ బ్యాక్టీరియా ఉండే బుడిపెలే లేవు. పొడి నకిలీదా?

జవాబు: పొడి మంచిదే కావచ్చు, పంట మారింది. సోయాకు కావలసింది బ్రాడీరైజోబియం జపానికం అనే బ్యాక్టీరియా. పెసర, మినుము, అలసంద, కంది ఒకే గుంపు బ్యాక్టీరియాతో సర్దుకుంటాయి. ఆ గుంపు సాధారణంగా సోయాకు పనికిరాదు. శనగ దారి మరీ వేరు, దానికి మీసోరైజోబియం అనే మరో రకం బ్యాక్టీరియానే కావాలి. వేరు వదిలే ఫ్లేవనాయిడ్లు అనే రసాయనాలను తనకు తగిన బ్యాక్టీరియా గుర్తుపట్టి, బదులుగా తన సంకేత పదార్థాన్ని పంపాలి. అప్పుడే మూలకేశం (వేరు మీది సన్నని నూగు) ముడుచుకుని దానికి లోపలికి దారి ఇస్తుంది. ఆ సంకేతం కుదరకపోతే ఎంత పొడి పోసినా దండగే.

అయినా ఒకసారి సరిగ్గా చూడండి. మొక్కను పీకితే బుడిపెలు మట్టిలోనే రాలిపోతాయి. పారతో చుట్టూ తవ్వి, మట్టిగడ్డతో సహా తీసి, నీళ్లలో నానబెట్టి కడగండి. బుడిపెలు కనిపిస్తే బ్లేడుతో కోయండి. లోపల గులాబీ లేదా ఎరుపు రంగుంటే పని జరుగుతున్నట్టే. ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్ అనే ప్రోటీన్‌ది. నత్రజనిని పట్టే నైట్రోజినేజ్ ఎంజైమ్ ఆక్సిజన్ తగిలితే చెడిపోతుంది, కానీ ఆక్సిజన్ లేనిదే బ్యాక్టీరియా బతకదు. ఈ చిక్కు విప్పేది లెగ్‌హీమోగ్లోబినే, ఆక్సిజన్‌ను కొలిచి కొలిచి అందిస్తుంది. పూత దశకొచ్చినా లోపల తెల్లగానే ఉంటే, అవి మొక్క తిండి తింటూ తిరిగి ఏమీ ఇవ్వని రకాలు. ఆకుపచ్చగా మారితే వయసైపోయినట్టు.

ఈ పంటకు ఇప్పుడు పొడి చల్లి పెద్దగా లాభం లేదు. బుడిపెలు లేవని తేలితే పైపాటుగా నత్రజని ఎరువు వేసి గట్టెక్కించండి.

ప్రశ్న: శిలీంద్రనాశినితో శుద్ధి చేసిన విత్తనానికి రైజోబియం పట్టించవచ్చా? ఎలా?

జవాబు: పట్టించవచ్చు, వరుస తప్పకూడదు. ముందు శిలీంద్రనాశిని, ఆరాక పురుగుమందు, చివరగా, విత్తబోయే ముందు రైజోబియం. మూడూ ఒకే తొట్టిలో కలిపితే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. రాగి మందులతో మరీ ప్రమాదం.

200 మి.లీ. నీళ్లలో 20 గ్రాముల బెల్లం లేదా చక్కెర కలిపి మరిగించి, పూర్తిగా చల్లార్చండి. తొందరపడి గోరువెచ్చగా ఉండగానే పోసేవాళ్లు ఎక్కువ, అక్కడే సగం చెడుతుంది. 10 కిలోల విత్తనంపై ఆ ద్రావణం చిలకరించి, గింజ తడిసీ తడవనట్టున్నప్పుడు 200 గ్రాముల పొడి చల్లి కలపండి. మందు పట్టించిన విత్తనమైతే 400 గ్రాములు వాడండి. వేరుశనగ, సోయా గింజల పొర పలుచన, చేత్తో రుద్దితే ఊడి మొలక దెబ్బతింటుంది. పట్టా మీద పోసి అటూ ఇటూ దొర్లించండి. నీడలో అరగంట ఆరనిచ్చి, అదే రోజు తేమ ఉన్న నేలలో విత్తండి. ప్యాకెట్ మీద గడువు తేదీ చూడండి. ఎండలో పెట్టిన ప్యాకెట్‌లో బ్యాక్టీరియా చచ్చి, మిగిలేది ఉత్త బొగ్గుపొడి.

ప్రశ్న: వేళ్లకు ఉబ్బులున్నాయి, మొక్క మాత్రం గిడసబారింది. బుడిపెలా, తెగులా?

జవాబు: వేలితో నెట్టండి. రైజోబియం బుడిపె వేరు పక్కన అంటుకుని ఉంటుంది, తేలిగ్గా ఊడుతుంది. నులిపురుగుల (నెమటోడ్ల) ముడి అయితే వేరే ఉబ్బి ఉంటుంది, ఊడదు, కోస్తే గులాబీ రంగు కనిపించదు.

ప్రశ్న: బుడిపెలు బాగా వస్తే యూరియా పూర్తిగా మానేయవచ్చా?

జవాబు: బుడిపెలు పనిలోకి దిగడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. బలహీనమైన నేలలో విత్తేటప్పుడు హెక్టారుకు 20 కిలోల నత్రజని చాలు. అంతకు మించితే మొక్క బుడిపెలు కట్టడమే తగ్గిస్తుంది. పి.హెచ్. 5.5 కంటే తగ్గిన పుల్ల నేలల్లో మాత్రం ముందు సున్నం వేయాలి. ఇక తర్వాతి పంటకు నత్రజని బోలెడు మిగులుతుందని లెక్కేసుకోకండి, అందులో చాలాభాగం గింజలోకే పోతుంది. కోత తర్వాత మిగిలిన పంట చెత్తను కూడా పొలంలోంచి లాగేస్తే మిగిలేది అంతంతే.