చుట్ట ఎవరు వెలిగించారు?

సాలిగ్రామం, చెన్నై

అబ్బాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో, రెండోసారి ఆ సీసా కోసం. తండ్రి దాచుకున్న సీసా లేబుల్ మీద తల్లి రోజూ పొద్దున్నే కాటుకతో గీత పెడుతుందే, అక్కడ కాగితాలు కాసేపు పక్కన పెట్టేశాను. మెచ్చుకోవడం అయిపోయింది. ఇక తిట్లు.

ఏడో పేజీలో కొడుకు ల్యాబ్‌లో ఉమ్మి ఇచ్చి ‘తాగుడు జీన్ పాజిటివ్’ అని రిపోర్టు తెచ్చుకుంటాడు. “నా రక్తంలోనే ఉంది” అనుకుంటూ వడపళని టాస్మాక్ సర్కారు మందుకొట్టు వైపు నడుస్తాడు. అయిపోయింది కథ! ఎవరిచ్చారయ్యా ఆ రిపోర్టు? అలాంటి జీన్ ఒకటంటూ లేదు. 2019లో 12 లక్షల మంది వివరాలు కలిపి చూస్తే పొగ, మందు అలవాట్లతో సంబంధమున్న జన్యుతేడాలు 566 బయటపడ్డాయి. 2022లో 34 లక్షల మందిని చూసేసరికి అవి దాదాపు నాలుగు వేలు. ఒక్కొక్కటీ చేసేది చిటికెడు. వాటిలో కాస్త గట్టిదని పేరున్నది 15వ క్రోమోజోమ్ మీద ఉంది. అది కూడా అలవాటున్నవాడి చేత రోజుకు సుమారు ఒక సిగరెట్టు ఎక్కువ కాల్పిస్తుంది, అంతే.

మందు సంగతి ఇంకా తమాషా. అన్నిటికన్నా బలమైన జన్యువులు తాగించేవి కావు, తాగనివ్వనివి. తూర్పు ఆసియాలో చాలామందికి, మందు ఒంట్లో అరుగుతూ పుట్టించే విషాన్ని విరిచే ఏఎల్‌డీహెచ్2 అనే ఎంజైము సరిగా పనిచేయదు. రెండు గుక్కలకే మొహం కందిపోతుంది, గుండె దడ, వికారం. డీఅడిక్షన్ డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ బిళ్ళ చేసేదీ అదే పని. ప్రాణం మీదికొస్తుందని తెలియక ఆ బిళ్ళని చాటుగా మజ్జిగలో కలిపే ఇల్లాళ్ళున్నారు. నీ కాటుక గీతమ్మ కలుపుతుందా, కలపదా? నాకది కావాలి.

తాగుడు సగం వంశపారంపర్యమని ఎక్కడో చదివే ఉంటావు. కవలల్ని పోల్చి వేసిన లెక్కల్లో ఆ సగం, జనంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో సగం. నీ హీరో ఒంట్లో సగం కాదు.

మాది శ్రీకాకుళం జిల్లా. మా మామ్మ అడ్డచుట్ట కాల్చేది, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. వాళ్ళమ్మా అంతే, మా పెద్దత్తా అంతే. నీ లెక్కన రక్తమే. నేనడిగితే మామ్మ వేరే చెప్పింది. చిన్నప్పుడు వాళ్ళమ్మ చుట్ట ఇచ్చి పొయ్యిలో అంటించుకురమ్మనేదట. దారిలో ఆరిపోతే తన్నులు. ఆరకుండా రెండు దమ్ములు లాగి తెచ్చేది. అదీ మొదలు. చివరికి అంగిట్లో కేన్సర్‌తో పోయింది.

అది రాసి ఇక్కడి పత్రికకు పట్టుకెళితే సంపాదకుడుగారు మామ్మ నోట్లో చుట్ట తీసేసి తాంబూలం పెట్టారు, ఆడది పొగతాగడం పాఠకులకు రుచించదట. కేన్సర్ మాత్రం అలాగే ఉంచారు! ముప్పై ఐదేళ్ళయింది, ఆ మంట ఇంకా ఆరలేదు. ఆ కాలంలో పాత్ర ఏం చేసినా కర్మ అనేవారు. తర్వాత వర్గం అన్నారు, ఆ తర్వాత చిన్ననాటి గాయం. ఇప్పుడు నువ్వు జీన్ అంటున్నావు. రాసేవాడి బద్ధకం మాత్రం మారలేదు.

మా చిన్నాన్న సారా మనిషి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు మొదలుపెట్టిన గొడవ ఊరూరూ పాకి, 1993లో సారా నిషేధం వచ్చి, మా ఊరి కొట్టూ మూతపడింది. చిన్నాన్న రక్తం అదే. మానేశాడని అబద్ధం చెప్పను, నాటుసారా వెతుక్కున్నాడు. కానీ దొరకని రోజుల్లో అన్నం తిని, పిన్నితో పొలం సంగతులు మాట్లాడి పడుకునేవాడు. పిన్ని ఆ రోజులు గోడ మీద బొగ్గుతో లెక్క రాసుకునేది.

అందుకే అంటున్నా, పాత్ర ఎందుకు తాగుతోందో నువ్వు చెప్పకు. మొదటి గ్లాసు ఎవరు అందించారు, డబ్బు ఎవరి పర్సులోంచి వచ్చింది, ఆ రాత్రి ఇంట్లో ఎవరు మేలుకున్నారు, అవి రాయి. కలం పేరు గురించీ, ఏ పత్రికకు పంపాలనీ అడిగావు. తర్వాత చూద్దాం.

ఏడో పేజీ చింపెయ్. కొడుకు చిన్నప్పుడు ఆ కాటుక గీత చూసే ఉంటాడు. వాడెప్పుడైనా వేలితో చెరిపి, కింద ఇంకోటి గీశాడా? అది రాసి పంపు.