హనుమకొండలో సర్వీస్ క్లబ్‌లో చేరమంటున్నారు, అక్కడ నిజంగా సేవ జరుగుతుందా?

మీరు అడిగింది ఇదీ: “హనుమకొండలో ఉంటాను, ప్రైవేటు ఉద్యోగం. మా కాలనీలో ఒకాయన లయన్స్, రోటరీ లాంటి క్లబ్‌లో చేరమని వెంటపడుతున్నారు. ఏడాదికి కొన్ని వేలు కట్టాలట. వీళ్లు నిజంగా సేవ చేస్తారా, లేక శాలువాలు, ఫోటోలేనా? లోపలివాళ్లు ఎవరైనా చెప్పండి.”

నేను లోపలివాణ్ణే. పదకొండేళ్లుగా ఒక క్లబ్‌లో ఉన్నాను, రెండేళ్లు సెక్రటరీగా చేశాను. వరంగల్‌లో మోటార్ల వైండింగ్ షాపు నాది. ఏ క్లబ్ అని మాత్రం అడగకండి. ఇది చదివితే మావాళ్లు ఎలాగూ కనిపెట్టేస్తారు, కనీసం పేరు పెట్టలేదన్న మర్యాదైనా మిగలనీయండి.

శాలువాలూ ఉన్నాయి, సేవా ఉంది. తమాషా ఏమిటంటే రెండూ ఒకే మనిషిలో కనిపిస్తాయి. ఫ్లెక్సీలో తన ఫోటో చిన్నగా వేశారని వారం రోజులు అలిగిన మా పాత ప్రెసిడెంటు గారే, 2021లో కరోనా రెండో వేవ్ అప్పుడు కారు వెనక సీట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ పెట్టుకుని రాత్రి పన్నెండింటికి కాజీపేట నుంచి వరంగల్ దాకా తిరిగారు. అప్పుడు ఆయన ఫోటో ఎవరూ తీయలేదు, ఆయనా అడగలేదు. అందుకే మనుషుల్ని చూసి క్లబ్‌ను అంచనా వేయడం నేను మానేశాను. క్యాంప్ అయ్యాక పదిహేనో రోజున ఆ క్లబ్ ఏం చేస్తోందో చూస్తాను. ఆ సంగతి నాకు ఒక అవ్వ దగ్గర తెలిసింది.

మా దగ్గర ఊళ్లలో క్లబ్బులంటే “కంటి ఆపరేషన్లోళ్లు” అనే పేరు. దానికి పాత కథ ఉంది. లయన్స్ క్లబ్ 1917లో షికాగోలో మొదలైంది. 1925లో అమెరికాలోని ఒహాయోలో వాళ్ల మహాసభకు చూపు, వినికిడి లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ వచ్చి, చూపులేనివాళ్ల తరఫున మీరు నిలబడండని అడిగింది. అప్పటి నుంచి కళ్లు వాళ్ల పనైపోయాయి. రోటరీవాళ్లు 1985లో పోలియోను పట్టుకున్నారు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో బయటపడింది, 2014 మార్చిలో పోలియో లేని దేశమని మనకు సర్టిఫికెట్ వచ్చింది. ఆ పని ప్రభుత్వానిదీ, ఇంటింటికీ తిరిగిన ఆరోగ్య కార్యకర్తలదీ, రోటరీదీ కలిపి. ఈ చరిత్ర, కొత్త కమిటీ బాధ్యతలు తీసుకునే ప్రతి ఇన్‌స్టలేషన్ మీటింగ్‌లో మైకులో వింటారు కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

కంటి క్యాంప్ ఎలా జరుగుతుందంటే, సర్పంచ్‌తో మాట్లాడి ఆదివారం బడి తీసుకుంటాం. ముందు రోజు ఆటోకు మైకు కట్టి చాటింపు. పొద్దున డాక్టరు, టెక్నీషియన్లు వచ్చి చూపు చూస్తారు, బీపీ, షుగర్ చూస్తారు. మా అనుభవంలో రెండు వందల మంది వస్తే ఆపరేషన్ అవసరమైనవాళ్లు ముప్పై, నలభై మంది తేలతారు. బస్సు ఎక్కే రోజుకు ఇరవై మంది మిగిలితే ఎక్కువ. షుగర్ ఎక్కువుందని కొందరిని డాక్టరే ఆపుతాడు. కొందరికి తోడు వచ్చే మనిషి ఉండడు. కొందరు భయపడి పొలం దారి పడతారు. ఎండాకాలంలో కంటి ఆపరేషన్ చేయించుకుంటే చీము పడుతుందని పెద్దవాళ్లకు గట్టి నమ్మకం. ఇప్పటి ఆపరేషన్లకు కాలంతో పని లేదని డాక్టర్లు ఎంత చెప్పినా చలికాలమే కావాలంటారు. చలికాలం వచ్చిందా, ఊరంతా పత్తి చేన్లోనే. పత్తి అయ్యేసరికి మిర్చి. అంటే ఇంట్లో తీరిక ఉండే నెల అంటూ ఏదీ లేదు. మేం ఇది తెలుసుకునేసరికి ఆలస్యమైంది.

2018 చలికాలంలో, నేను సెక్రటరీగా ఉండగా, ఇరవై రెండు మందికి ఆపరేషన్లు చేయించాం. అందరికీ నల్ల కళ్లద్దాలు పెట్టి వరుసగా నిలబెట్టి ఫోటో తీసుకున్నాం. పేపర్ జిల్లా పేజీలో వచ్చింది. ఆ కటింగ్ నా దగ్గర ఇప్పటికీ ఉంది. రెండు వారాల తర్వాత నర్సంపేట అవతల ఒక ఊరికి బాగుచేసిన మోటారు అప్పజెప్పడానికి వెళ్లాను. రైతు ఇంటి పక్క అరుగు మీద మా నల్ల కళ్లద్దాలతో ఒక అవ్వ కూర్చుని ఉంది. ఎట్లుంది అవ్వా అని పలకరించాను. “కొడుకా, మంచిగనే ఉంది గాని కన్ను గుంజుతాంది” అంది. అద్దాలు తీసి చూస్తే కన్ను చింతనిప్పులా ఉంది. చుక్కల మందు వేస్తున్నావా అంటే కొంగు ముడి విప్పి సీసా చూపించింది. సగానికి పైగా అట్లాగే ఉంది. కోడలు తెల్లారి పత్తికి పోతే పొద్దుగూకినాక వస్తుంది. వచ్చాక ఒకసారి వేస్తుంది. మొదటి వారం రోజుకు ఆరుసార్లు వేయాల్సిన మందు అది. తర్వాత మెల్లగా తగ్గిస్తూ నెల, నెలన్నర దాకా వాడాలి.

అవ్వను అదే ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకొచ్చాను. కన్ను దక్కింది, కానీ రావాల్సినంత చూపు రాలేదు. తప్పు ఆస్పత్రిది కాదు, కోడలిది అంతకంటే కాదు. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంది, దాన్ని అట్లాగే చేతిలో పెట్టి బస్సు ఎక్కించింది మేమే. బిస్కెట్ ప్యాకెట్, అరటిపండు మాత్రం మరచిపోకుండా ఇచ్చాం.

ఆ తర్వాత మీటింగ్‌లో నేను కొంచెం గట్టిగానే మాట్లాడాను. అప్పటి నుంచి మా క్లబ్‌లో “చుక్కల డ్యూటీ” అని ఒకటి మొదలైంది. ఆపరేషన్ అయిన ప్రతి మనిషికీ పక్కింట్లోనో ఎదురింట్లోనో చదువుకునే పిల్లనో పిల్లాడినో చూసి పెడతాం. బడికి పోయే ముందు, మధ్యాహ్నం ఇంటికి రాగలిగితే అప్పుడు, సాయంత్రం, పడుకునే ముందు వాళ్లే వేస్తారు. మిగతా వేళలకు ఆశా కార్యకర్తనో, ఇంటి దగ్గరుండే ఇంకెవరినో బతిమాలుకుంటాం. చేతులు సబ్బుతో కడుక్కోవడం, సీసా మూతి కంటికి తగలకుండా వేయడం పిల్లలకు ఒకసారి చూపిస్తే పెద్దవాళ్ల కంటే శ్రద్ధగా చేస్తారు. నెల తర్వాత వాళ్లకు ఒక జామెట్రీ బాక్సో, క్రికెట్ బ్యాటో ఇస్తాం. మా క్లబ్ ఆడవాళ్లు నలుగురు రోజూ ఫోన్లు చేసి కనుక్కుంటారు. ఎనభై మంది సభ్యులున్న క్లబ్‌లో ఈ డ్యూటీకి చేయెత్తేది పది మందిలోపే. ఫోటో ఉండదు కదా.

రక్తదానం సంగతీ ఇంతే, కాకపోతే అక్కడ లెక్క వేరు. ఆగస్టు 15కి, నాయకుల పుట్టినరోజులకు ఊరంతా క్యాంపులే. దానం చేసిన రక్తం ఏళ్ల తరబడి నిల్వ ఉండేది కాదు. ఎర్ర రక్తకణాలు మహా అయితే ఆరు వారాలు, ప్లేట్‌లెట్లు ఐదు రోజులు. మే నెలలో కాలేజీలకు సెలవులు, దాతలంతా ఊళ్లకు పోతారు, బ్లడ్ బ్యాంకుల్లో ఫ్రిజ్‌లు బోసిపోతాయి. కానీ ఒంట్లో రక్తం సరిగా తయారుకాని తలసీమియా జబ్బున్న పిల్లలకు సెలవులుండవు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. అందుకే మా క్యాంప్‌ను మే నెలకు మార్చాం. ఎండకు భయపడి పొద్దున ఆరున్నరకే మొదలుపెట్టి పదింటికల్లా ముగిస్తాం. బరువు 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి, వయసు 18 నుంచి 65 మధ్య. మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు మళ్లీ ఇవ్వొచ్చు. నెగెటివ్ గ్రూపువాళ్లు వస్తే మేం ఆ రోజు తీసుకోం, నంబరు రాసుకుని పంపిస్తాం. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి నుంచి ఎవరో అర్ధరాత్రి ఏడుస్తూ ఫోన్ చేసినప్పుడు ఆ నంబరే పనికొస్తుంది. క్యాంప్‌లో ఎన్ని యూనిట్లు వచ్చాయని పై కమిటీకి పంపే రిపోర్టులో మాత్రం మాకు ఎప్పుడూ తక్కువ మార్కులే.

మేడారం జాతర దగ్గర మజ్జిగ టెంటు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, అందరూ పెడతారు. మేడారం దారిలో పస్రా ఊరు దాటాక ఒకే చోట నాలుగు మజ్జిగ టెంట్లు వరుసగా ఉంటాయి, కొంచెం ముందుకు పోతే చుక్క మంచినీళ్లుండవు. ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే తీరే సమస్య, కానీ ఎవరి ఫ్లెక్సీ వాళ్లదాయె.

నాకు బాగా తృప్తినిచ్చిన పని 2023 జులై వరదలప్పటిది. జులై 27 తెల్లవారుజామున భూపాలపల్లి దగ్గర మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగిపోయింది. జనం మిద్దెలెక్కి కూర్చుంటే పడవలు, హెలికాప్టర్లు తెచ్చి కాపాడారు. తర్వాత వారం రోజులు అన్ని వైపుల నుంచీ పాత బట్టల మూటలు వచ్చిపడ్డాయి. పాపం ఇచ్చినవాళ్ల మనసు మంచిదే, కానీ బురద నిండిన ఇంట్లో ఆ మూటలు ఎక్కడ పెట్టుకుంటారు? నేను చూసింది వేరు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో మునిగిన బోరు స్టార్టర్లు, ఇళ్లలోని చిన్న మోటార్లు, గిర్నీల మోటార్లు. కరెంటు రాగానే జనం ఆత్రంగా స్విచ్ వేస్తున్నారు, తడి వైండింగ్ భగ్గున కాలిపోతోంది. మోటారు విప్పి మంచినీళ్లతో బురద కడిగి, బల్బుల వేడికి ఆరబెట్టి, తడి పూర్తిగా పోయిందో లేదో మెగ్గర్ మీటరు పెట్టి చూసి, అవసరమైతే వార్నిష్ పోస్తే చాలావరకు బతుకుతుంది. అట్లా ఆరబెట్టకుండా స్విచ్ వేస్తే కొత్తగా చుట్టాల్సిందే, దానికి వేలల్లో ఖర్చు. నేనూ, తోటి మెకానిక్‌లు ముగ్గురం ఐదు రోజులు అక్కడే ఒక షెడ్డులో కూర్చుని ఆ పనే చేశాం. ముందుగా “స్విచ్ వేయకండి” అని ఆటోలో మైకు తిప్పించాం. వార్నిష్, బేరింగుల ఖర్చు క్లబ్ పెట్టుకుంది. చేరేటప్పుడు నా వైండింగ్ పని క్లబ్‌కు ఎందుకు పనికొస్తుందిలే అనుకున్నాను. మీ ఉద్యోగంలో మీకు చేతనైనది కూడా ఏదో ఒకటి ఇట్లాగే అక్కరకొస్తుంది.

ఇక డబ్బు. మీరు కట్టే చందాలో కొంత అంతర్జాతీయ సంస్థకు, కొంత వాళ్ల “జిల్లా”కు, మిగతాది మీటింగులు, భోజనాలకు పోతుంది. (వాళ్ల జిల్లా వేరు, కలెక్టరుండే జిల్లా వేరు. మొదటిసారి “డిస్ట్రిక్ట్ గవర్నర్ వస్తున్నారు” అని మా ఇంట్లో చెబితే, రాజ్‌భవన్ నుంచే అనుకుని మా అమ్మ ఇల్లు కడిగించింది.) లయన్స్ నిబంధనల ప్రకారం జనం దగ్గర వసూలు చేసిన డబ్బు జనానికే ఖర్చు కావాలి, క్లబ్ ఖర్చులకు వాడకూడదు. అందుకే రెండు ఖాతాలుంటాయి. మీరు చేరబోయేది ఏ క్లబ్ అయినా ట్రెజరర్‌ను ఆ రెండు ఖాతాల లెక్క చూపించమని అడగండి. నవ్వుతూ చూపిస్తే మంచిది. “మీరు ముందు చేరండి సార్, అన్నీ చెబుతాం” అంటే కొంచెం ఆలోచించండి. చేరగానే ఆ అంతర్జాతీయ సంస్థ ఫౌండేషన్‌కు వెయ్యి డాలర్లు ఇచ్చి, దాతలకిచ్చే ఫెలో పిన్ను పెట్టుకోమనేవాళ్లు ఎదురవుతారు. ఆ డబ్బు మంచి పనులకే పోతుంది, కానీ మొహమాటానికి మాత్రం ఇవ్వకండి.

ఇంకో జబ్బు ఉంది. క్లబ్బుల ఏడాది జులై 1న మొదలై జూన్ 30తో అయిపోతుంది, ప్రెసిడెంటు మారిపోతాడు. కొత్తాయనకు తన పేరు మీద కొత్త పని కావాలి. మేమే ఒక బడికి మంచినీళ్ల ఆర్ఓ ప్లాంటు పెట్టాం. రెండేళ్లకు నీళ్లు వడకట్టే మెంబ్రేన్ మార్చాల్సి వస్తే “అది పోయినసారి వాళ్ల ప్రాజెక్టు కదా” అన్నారు. ప్లాంటు మూలన పడింది. గోడ మీద దాతల పేర్లున్న రాయి మాత్రం ఇప్పటికీ మెరుస్తోంది. ఆ పేర్లలో నాదీ ఒకటి. ఆ బడి ముందు నుంచి పోయేటప్పుడు బండి కొంచెం స్పీడ్ పెంచుతాను.

కాబట్టి మీ కాలనీ ఆయన్ను మీటింగ్‌కు తీసుకెళ్లమని అడగకండి. అక్కడ టిఫిన్ బాగుంటుంది, మీకు ఏమీ తెలియదు. పోయిన ఏడాది చేసిన పని ఒకటి చూపించమనండి. బోరో, టాయిలెట్లో, కుట్టు మిషన్లు ఇచ్చిన ఊరో ఏదైనా సరే. తీసుకెళ్లి చూపిస్తే, అది ఇంకా పనిచేస్తుంటే, డబ్బు కట్టి చేరండి.

మా అవ్వ నిరుడు రెండో కన్నుకూ ఆపరేషన్ చేయించుకుంది. అప్పట్లో ఆమెకు చుక్కలు వేసిన పక్కింటి పిల్ల ఇప్పుడు హనుమకొండలో ఇంటర్ చదువుతోంది. ఊళ్లో ఉండదు కాబట్టి డ్యూటీ తమ్ముడికి అప్పజెప్పింది. వాడు జామెట్రీ బాక్స్ వద్దన్నాడు, షటిల్ బ్యాట్లు కావాలట, అవి కూడా రెండు.