ఆ ఎత్తు గది గుడి కాదమ్మా

అమ్మాయీ,

నువ్వు పంపిన పద్నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను. రాత్రి ఒకసారి, మళ్ళీ తెల్లారి డాబా మీద కూర్చుని, కొండ మీద మబ్బు కదిలేలోపు ఇంకోసారి. ఫోటోలు కూడా ఒక్కొక్కటీ పెద్దవి చేసి చూశాను. చిత్తూరు నుంచి ఇంగ్లండ్‌లోని లింకన్‌కి చదువుకోడానికి పోయిన పిల్లవి, ఆదివారం పూట సైకిలేసుకుని ఎక్కడో పొలాల మధ్య ఉన్న రెండో ప్రపంచ యుద్ధకాలపు పాత ఏరోడ్రోం వెతుక్కుంటూ పోయి, తిరిగొచ్చి దాని గురించి తెలుగులో రాశావంటేనే నాకు చాలా సంతోషంగా ఉంది. అందుకే నీకు బాగుందని రెండు ముక్కలు రాసి ఊరుకోలేను. ఇది కొంచెం పెద్ద ఉత్తరమే అవుతుంది, ఓపిగ్గా చదువు.

నీ వ్యాసంలో నిశ్శబ్దం అనే మాట పదకొండు చోట్ల ఉంది. గోడలు మాట్లాడతాయని మూడు చోట్ల రాశావు. కానీ ఏ గోడ ఏం మాట్లాడిందో ఒక్క చోటా రాయలేదు. నీకు అక్కడ కలిగిన దిగులు నిజమైనదే, నేను కాదనను. అయితే ఆ దిగులు హంపిలో నిలబడినా కలుగుతుంది, చంద్రగిరి కోటలో నిలబడినా కలుగుతుంది, ఊళ్ళో కూలిపోయిన మేనమామ ఇంటి ముందు నిలబడినా కలుగుతుంది. ఆ ఏరోడ్రోంలో మాత్రమే ఉండేది ఏంటి? అది కావాలి నాకు.

నీ తొమ్మిదో ఫోటో తీసుకో. సన్నగా పొడుగ్గా ఉన్న ఇటుకల గది, నడిమధ్య మాత్రం కప్పు పైకి లేచి ఇంకో అంతస్తంత ఎత్తు పోయింది. దాన్ని చూసి నువ్వు 'ఎవరో దేవుడి కోసం కట్టి, దేవుణ్ణి పెట్టడం మరిచిపోయిన గుడిలా ఉంది' అని రాశావు. వాక్యం బాగుంది. కానీ అది పారాచూట్లు ఆరేసే గదమ్మా. ఫోటోలో పైన దూలానికి ఇనుప కొక్కేలు కనిపిస్తున్నాయి చూడు, తుప్పు పట్టి, వరసగా. పారాచూట్ బట్ట పట్టుది, తర్వాత నైలానుది. తేమ పట్టిందంటే మడతలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, దూకినవాడికి సమయానికి విచ్చుకోదు. అందుకని కొన్ని రోజులకొకసారి ప్రతి పారాచూట్‌నీ విప్పి, నడినెత్తి దగ్గర పట్టి కప్పు దాకా లాగి వేలాడదీసి, ఆ గదిని వెచ్చగా ఉంచి ఆరబెట్టేవాళ్ళు. శ్రీకాళహస్తిలో కలంకారీ బట్టలు ఏటి ఒడ్డున ఆరేస్తారే, ఇక్కడ ఏటి ఒడ్డూ లేదు ఎండా లేదు, ఇంగ్లండ్ వానలో ఆ పని గదిలోపలే నిలువుగా జరగాలి. కప్పు అంత ఎత్తు అందుకే. ఆరిన తర్వాత పొడవాటి బల్ల మీద పరిచి తాళ్ళు చిక్కు పడకుండా మళ్ళీ మడతపెట్టాలి. ఆ మడతపెట్టే పని చాలా చోట్ల ఆడపిల్లలదే, యుద్ధకాలంలో వాయుసేన మహిళా విభాగంలో చేరిన ఇరవై ఏళ్ళ పిల్లలు, అంటే నీ ఈడువాళ్ళు. ఒక మడత తప్పితే ఏమవుతుందో వాళ్ళకి తెలుసు.

ఇప్పుడు చెప్పు, దేవుడు లేని గుడి పెద్దదా, ఈ గది పెద్దదా?

ఈ తప్పు నేనూ చేశాను. నలభై ఏళ్ళ కిందట, నగరి పక్క ఒక ఊళ్ళో పాడుబడిన ఇల్లు చూసి వ్యాసం రాశాను, ఒక పత్రికలో అచ్చయింది కూడా. ఆ ఇంటి నేలలో ఒక గుంట ఉంది, మోకాళ్ళ లోతు. 'సమాధిలాంటి గుంట' అని రాశాను. ఆర్నెల్ల తర్వాత అదే ఊరికి పోతే ఒక ముసలామె నన్ను కూర్చోబెట్టి మజ్జిగిచ్చి చెప్పింది, అది గుంట మగ్గం గుంట నాయనా, దాంట్లో కాళ్ళు పెట్టుకుని మా ఆయన నలభై ఏళ్ళు నేశాడు, దాన్ని సమాధి అన్నావంట కదా అని. ఆమెకి చదువు రాదు, ఎవరో చదివి వినిపించారు. కోపంగా కూడా అనలేదు. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంది. ఆ రోజు నుంచి ఏ పాత కట్టడం చూసినా ముందు అక్కడ ఎవరు ఏం పని చేశారు, వాళ్ళ కాళ్ళు ఎక్కడ ఉండేవి, చేతులు ఎక్కడ ఉండేవి అని వెతుక్కుంటాను. తక్కినదంతా తర్వాతే.

ఏరోడ్రోంకి ఈ పద్ధతి ఇంకా బాగా సరిపోతుంది, ఎందుకంటే అక్కడ అందం కోసం కట్టింది ఒక్కటీ లేదు. మా అబ్బాయి నాటింగ్‌హాంలో ఉన్నప్పుడు నేను మూడు నెలలు అక్కడ ఉండి ఇవే పొలాల్లో చాలా తిరిగాను, అందుకే ఇంత ధైర్యంగా చెబుతున్నాను. ఆ గోడలు తడిమి చూశావా? చాలావరకు ఒంటి ఇటుక మందం, నాలుగున్నర అంగుళాలు, పడిపోకుండా అక్కడక్కడా దిమ్మెలు, పైన సిమెంటు పూత. కొన్నేళ్ళు నిలిస్తే చాలనుకుని హడావిడిగా కట్టినవి. ఎనభై ఏళ్ళు దాటినా నిలబడి ఉన్నాయి. నువ్వు 'శాశ్వతత్వం కోసం కట్టిన గోడలు' అన్నావు, సరిగ్గా దానికి తిరగేసిన మాట.

ఇంకొకటి. చెట్లలో దారి తప్పిపోయినట్టున్న గదులు అని రాశావు. దారి తప్పలేదు, కావాలనే అంత దూరంగా పెట్టారు. శత్రువు బాంబు వేస్తే ఒక్క దెబ్బకి అందరూ పోకూడదని పడకలు ఒక చోట, భోజనాలు ఒక చోట, స్నానాలు ఇంకో చోట, చెట్ల కింద చెల్లాచెదురుగా కట్టారు. బాంబుల నిల్వ వీటన్నిటికీ దూరంగా, మట్టి గట్ల మధ్య. అందుకే అక్కడ అందరికీ సైకిళ్ళు. నువ్వు ఆ ఆదివారం సైకిల్ మీద ఒక గది నుంచి ఇంకో గదికి పోయావు కదా, ఆ దూరాలన్నీ వాళ్ళు రోజూ తొక్కినవే, చలికాలంలో, లైట్లు ఆర్పేసిన చీకట్లో. నీ పిక్కల నొప్పి ఒక వాక్యం రాసి ఉంటే నాకు ఆ ఏరోడ్రోం మొత్తం అర్థమయ్యేది.

రన్‌వేలు మూడు ఎందుకున్నాయో కూడా రాయలేదు. అప్పటి విమానాలు పక్కగాలికి తట్టుకోలేవు, ఎదురుగాలిలోనే లేవాలి, దిగాలి. గాలి ఎటు తిరిగితే అటు ఒక రన్‌వే సిద్ధంగా ఉండాలని మూడింటినీ ఒకదాన్నొకటి కోసుకునేట్టు వేశారు. బాంబర్ల ఏరోడ్రోంలకి ఒక కొలత ఉండేది, పెద్దది 2,000 గజాలు, చిన్నవి రెండూ 1,400 గజాల చొప్పున, వెడల్పు 50 గజాలు. యుద్ధం అయ్యాక ఆ కాంక్రీటు చాలావరకు పగలగొట్టి రోడ్లకి వేసుకున్నారు, మిగిలినచోట రైతులు గడ్డి మోపులు పెట్టుకున్నారు, కోళ్ళ షెడ్లు వేసుకున్నారు. లింకన్‌షైర్ ఒక్కదాంట్లోనే నలభైకి పైగా ఇలాంటి ఏరోడ్రోంలు ఉండేవంటే ఆ రాత్రుళ్ళు ఆ జిల్లా మీద ఎంత మోత ఉండేదో ఊహించు.

మనకీ ఇది మరీ పరాయి సంగతి కాదు. 1942 ఏప్రిల్‌లో జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులేశాయి. మద్రాసు సగం ఖాళీ అయింది, మా పక్క ఊళ్ళల్లో బంధువుల ఇళ్ళన్నీ మద్రాసు నుంచి వచ్చినవాళ్ళతో నిండిపోయాయని మా నాయనమ్మ చెప్పేది. ఆ రోజుల్లోనే మద్రాసు చుట్టూ రన్‌వేలు వేశారు. అరక్కోణందాన్ని ఇప్పుడు నౌకాదళం వాడుకుంటోంది. షోళవరందాన్ని యుద్ధం తర్వాత కార్ల రేసులకి ఇచ్చారు. నేను కాలేజీలో ఉండగా ఒక స్నేహితుడితో కలిసి ఊత్తుకోట మీదుగా బస్సులు మారి ఆ రేసులు చూడడానికి పోయాను. ఎండ, పెట్రోలు వాసన, చెవులు పగిలే మోత. అంత వెడల్పైన సిమెంటు బాట అంత తిన్నగా ఎందుకుందని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. అది రన్‌వే అని తెలియడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. కాళ్ళ కింద ఉన్నదాన్ని చూడకుండా వచ్చేశానని ఇప్పటికీ బాధ.

కంట్రోల్ టవర్ భాగం నీ వ్యాసంలో అన్నిటికన్నా బాగుంది. మెట్లెక్కేటప్పుడు రెండో మెట్టు విరిగి ఉందని రాశావు చూడు, అక్కడ నేను నీ వెనకే ఎక్కాను. (అప్పట్లో బ్రిటిష్ వాళ్ళు దాన్ని వాచ్ ఆఫీస్ అనేవాళ్ళు. నువ్వు 'నియంత్రణ గోపురం' అని ఎందుకు రాశావు? పుత్తూరులో ఆటో నడిపే అబ్బాయికి కూడా కంట్రోల్ టవర్ అంటే తెలుసు. తెలిసిన మాట వదిలి తెలియని మాట పుట్టించకు.) కానీ పైకెక్కాక మళ్ళీ నిశ్శబ్దం, మళ్ళీ గాలి. ఆ గదిలో ఒక నల్లబల్ల ఉండేది. ఏ విమానం ఏ టైముకి లేచిందో ఒక వరసలో, ఏ టైముకి దిగిందో పక్క వరసలో రాసేవాళ్ళు. తెల్లవారుజామున రెండో వరసలో ఖాళీగా మిగిలిన గడులు ఉండేవి. లాంకాస్టర్ అనే బాంబర్ విమానానికి ఏడుగురు సిబ్బంది. ఒక్కో ఖాళీ గడికి ఏడుగురు. ఇది రాసి అక్కడ ఆగు. కన్నీళ్ళు, విధి, యువకుల కలలు, ఇవేవీ పక్కన పెట్టకు. బాంబర్ కమాండ్‌లో, అంటే బ్రిటిష్ వాయుసేన బాంబర్ల విభాగంలో, విమానమెక్కిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది చనిపోయారు. మీ ఊళ్ళోనే, లింకన్ కొండ మీద, ఆ పేర్లన్నీ ఇనుప పలకల్లో చెక్కిన స్మారకం ఉంది, పోయి చూడు. నేను ఒక మధ్యాహ్నమంతా ఆ పలకల మధ్య నడిచాను, పేర్లు చదువుతూనే ఉన్నాను, అయిపోలేదు.

రేకుల షెడ్డు సంగతి. సగం పీపాలాగా వంగిన రేకులు, దాన్ని నిస్సెన్ హట్ అంటారు, పీటర్ నిస్సెన్ అనే ఇంజనీరు 1916లో, మొదటి ప్రపంచ యుద్ధంలోనే తయారుచేసిన నమూనా. నేల మీద నడుమ నల్లటి గుండ్రటి మచ్చ ఉందని రాసి వదిలేశావు. అక్కడ బొగ్గు పొయ్యి ఉండేదమ్మా. మొత్తం షెడ్డుకి వెచ్చదనం అదొక్కటే. మంచాలు దాని చుట్టూ ఎంత దగ్గరికి జరుపుకునేవాళ్ళో. ఒక రాత్రి ఒక విమానం తిరిగి రాకపోతే, మరుసటి రోజు కొందరు వచ్చి ఆ ఏడుగురి బట్టలు, ఉత్తరాలు, ఫోటోలు మూటగట్టి తీసుకుపోయేవాళ్ళు, ఆ పనికి ప్రత్యేకంగా ఒక కమిటీయే ఉండేది. వాళ్ళ మంచాలు ఖాళీగా ఎక్కువ రోజులు ఉండేవి కాదు. ఇంకో ఏడుగురు అదే పొయ్యి చుట్టూ చేరేవాళ్ళు. నువ్వు ఆ మచ్చ మీద నిలబడి ఫోటో తీశావు, పదకొండో ఫోటో, నీ షూ కొన కూడా పడింది. నీ వ్యాసం అక్కడ నుంచే మొదలుపెట్టమంటాను.

మెథరింగ్‌హాం మీకు దగ్గరే, అక్కడ పాత సరుకుల గదిని ఇప్పుడు చిన్న మ్యూజియం చేశారు. ఆ ఏరోడ్రోంలో రన్‌వేకి రెండు పక్కలా గొట్టాలు వేసి పెట్రోలు మండించి పొగమంచుని పైకి లేపేవాళ్ళు, దారి కనబడని విమానాలు ఆ మంటల మధ్య దిగేవి. అక్కడ పనిచేసే ముసలివాళ్ళని అడుగు, వాళ్ళు చెప్పడానికి ఎదురుచూస్తుంటారు. ఫోన్ తీసి రికార్డు చేసే ముందు మాత్రం అడిగి చెయ్యి.

ఇక కోప్పడాల్సిన విషయం. కంచె దూకి లోపలికి పోయానని గొప్పగా రాశావు. అది ఎవరో రైతు పొలం. మన మామిడి తోటలోకి ఎవరైనా అలా దూకితే మీ నాన్న ఊరుకుంటాడా? తలుపు కొట్టి అడిగితే సగం మంది వాళ్ళే తీసుకెళ్ళి చూపిస్తారు, వాళ్ళ తాత చెప్పిన సంగతులు కూడా చెబుతారు, నీకు కావాల్సింది అవే కదా. పైగా ఆ పాత రేకుల్లో చాలా వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, విరిగిన ముక్కల్ని చేత్తో ముట్టుకోకు, ఆ దుమ్ము పీల్చకు. కప్పు సగం కూలిన గదిలోకి అసలు పోకు. నేలలో ఇనుప ముక్క ఏదైనా కనిపిస్తే తవ్వకు, కాలితో తన్నకు. ఒంటరిగా పోకు, ఎక్కడికి పోతున్నావో మీ రూమ్మేట్‌కి చెప్పి పో. మీ అమ్మకి ఈ కంచె సంగతి నేను చెప్పలేదు.

పన్నెండో ఫోటో మీద నాకొక అనుమానం ఉంది. కిటికీల్లేని రెండంతస్తుల గది, పై అంతస్తు నేల మధ్యలో చదరంగా పెద్ద రంధ్రం. నువ్వు దాన్ని కూలిపోయిన నేల అనుకున్నావు. అంచులు చూస్తే కూలినట్టు లేదు, కట్టేటప్పుడే వదిలినట్టుంది. బాంబు వేసేవాడికి అక్కడ శిక్షణ ఇచ్చేవాళ్ళు. పై నుంచి కింద నేల మీదికి ఊళ్ళు, నదులు, రోడ్ల బొమ్మని లైటుతో వేసి మెల్లగా కదిలిస్తారు, పైన పడుకున్న కుర్రాడు ఆ రంధ్రంలోంచి చూస్తూ గురి నేర్చుకుంటాడు. చీకటి గది, కింద కదిలే ఒక చిన్న ఊరు. ఈసారి రైతుని అడిగి, వీలైతే బయట నుంచే, టార్చి వేసి ఆ రంధ్రం అంచులు నున్నగా ఉన్నాయా విరిగి ఉన్నాయా చూడు. కింద నేల తెల్లగా ఏమైనా పూసి ఉందేమో కూడా చూడు. టేపు తీసుకుపో, పారాచూట్ గది పొడవు, ఎత్తు అడుగుల్లో రాసుకో, కొక్కేలు ఎన్నున్నాయో లెక్కపెట్టు.

అవి నాకు పంపిన తర్వాతే రెండో సారి రాయడం మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
తిరుపతి నుంచి మీ సార్