విండోస్‌లో ఇప్పుడు ముందున్న అప్లికేషన్ ఏదో పట్టుకోవడం

పర్లాకిమిడి డీటీపీ షాపుకి మీరడిగింది: పేజ్‌మేకర్‌లోకి వెళ్తే ఒడియా కీబోర్డు, వర్డ్‌లోకి వస్తే తెలుగు దానంతటదే మారాలి. అంటే ముందున్న ప్రోగ్రామ్ ఏదో తెలియాలి.

గెట్‌ఫోర్‌గ్రౌండ్‌విండో అనే విండోస్ ఫంక్షన్‌ని పిలిస్తే విండో హ్యాండిల్, అంటే ఆ విండోకి విండోస్ ఇచ్చిన గుర్తు వస్తుంది. దాన్ని గెట్‌విండోథ్రెడ్‌ప్రాసెస్‌ఐడీకి ఇస్తే ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) నంబరు, దాంతో ఓపెన్‌ప్రాసెస్ పిలిస్తే ప్రాసెస్ హ్యాండిల్, ఆ హ్యాండిల్‌ని క్వెరీఫుల్‌ప్రాసెస్‌ఇమేజ్‌నేమ్‌కి ఇస్తే ఎక్సీ (ప్రోగ్రామ్ ఫైలు) పేరు. టైటిల్ బార్ చూసి పోల్చకండి. ఫైలు మారితే అదీ మారుతుంది. విండో మారే క్షణంలో హ్యాండిల్ సున్నా రావచ్చు, అప్పుడు ఊరుకోవాలి.

క్యాలిక్యులేటర్ లాంటి స్టోర్ యాప్‌లతోనే అసలు తంటా. ఇలాంటి వాటిలో చాలావరకు ఏది తెరిచినా, దాన్ని చుట్టి ఉంచే అప్లికేషన్‌ఫ్రేమ్‌హోస్ట్ అనే ప్రోగ్రామ్ పేరే వస్తుంది. ఎనమ్‌చైల్డ్‌విండోస్‌తో లోపలి విండోలు వెతికి, ప్రాసెస్ నంబరు అప్లికేషన్‌ఫ్రేమ్‌హోస్ట్‌ది కాకుండా వేరుగా ఉన్నదాన్ని తీసుకోండి.

టైమర్ పెట్టి సెకనుకోసారి అడగడం కన్నా సెట్‌విన్‌ఈవెంట్‌హుక్ మేలు, విండో మారగానే విండోసే కబురు పంపుతుంది: ఈవెంట్_సిస్టమ్_ఫోర్‌గ్రౌండ్ ఒక్కటి అడిగితే చాలు. కానీ హుక్ పెట్టిన థ్రెడ్‌లో మెసేజ్ లూప్ (విండోస్ సందేశాలు అందుకునే లూప్) తిరగాలి, లేకపోతే కబురే రాదు. సీ షార్ప్‌లో రాస్తుంటే కాల్‌బ్యాక్ డెలిగేట్‌ని (కబురు వచ్చినప్పుడు విండోస్ పిలిచే మీ ఫంక్షన్‌కి గుర్తు) స్టాటిక్ ఫీల్డ్‌లో దాచండి. లోకల్ వేరియబుల్‌లో వదిలేస్తే వాడని మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్ దాన్ని ఊడ్చేస్తుంది, ప్రోగ్రామ్ కాసేపు బాగానే నడిచి హఠాత్తుగా కూలుతుంది.

లైనక్స్‌లో తెరమీద విండోలు చూపే వేలాండ్ వ్యవస్థలో ఇలా అడిగే ఉమ్మడి దారి లేదు.